చదివాక ఐదు నిమిషాలు

చదువు రాని పిల్లవాడి చేత గుంజీలు తీయించడం మన బళ్ళలో తరతరాల శిక్ష. పాఠం వచ్చిన పిల్ల చేత తీయిస్తే ఏమవుతుందో చూద్దామన్న ఆలోచన మాత్రం ఏ మాస్టారికీ తట్టినట్టు లేదు. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ మోస్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు దాదాపు అలాంటి ఆలోచనే వచ్చింది. ఆయన, మరో ఇద్దరు సహచరులు కలిసి 2017లో ప్రచురించిన ప్రయోగం చూడ్డానికి చాలా చిన్నది. ముక్కూమొహం ఎరగని మనుషుల ఫొటోలు చూపించి ఎవరి పేరేమిటో చెప్పారు. ఆ వెంటనే కొందరి చేత ఐదు నిమిషాల పాటు మెట్టు ఎక్కించి దింపించారు. పెద్ద ఆయాసం రాని తేలికపాటి వ్యాయామమే. మిగిలినవాళ్ళు ఊరికే కూర్చున్నారు. తర్వాత ఫొటో చూపించి పేరు అడిగితే, మెట్టెక్కిన ఆడవాళ్ళు కూర్చున్న ఆడవాళ్ళకంటే మెరుగ్గా చెప్పగలిగారు. మగవాళ్ళలో ఎక్కినా ఎక్కకపోయినా తేడా కనిపించలేదు.

కట్టాల్సిన జిమ్ము ఫీజు లేదు, కొనాల్సిన బూట్లు లేవు. పాఠం విన్నాక ఐదు నిమిషాలు కాళ్ళు ఆడించడం, అంతే. ఇలాంటి కబురు అనకాపల్లి లాంటి ఊరికి చేరితే రెండు ప్రశ్నలు పుడతాయి. ఇది ఎంతవరకు నిజం? నిజమే అయితే ఆ ఐదు నిమిషాలు ఇక్కడి ఆడవాళ్ళకు ఎక్కడ దొరుకుతాయి? మొదటి ప్రశ్నతో శాస్త్రవేత్తలు ఇంకా తంటాలు పడుతున్నారు. రెండోదానికి జవాబు చెప్పాల్సింది మనం.

అచ్చులో పోసిన పాకం

విన్న మాట విన్నట్టే మెదడులో ముద్రపడిపోదు. బెల్లం వండే చోట నిలబడి చూసినవాళ్ళకు ఈ సంగతి చెప్పడం తేలిక. పెనం దించి అచ్చులో పోసిన పాకం కాసేపు మెత్తగానే ఉంటుంది. అప్పుడు వేలు పెడితే చాలు, గుర్తు పడుతుంది. గట్టిపడి దిమ్మ అయ్యాక సుత్తి పెట్టి కొట్టినా ముక్క ఊడుతుందే తప్ప ఆకారం మారదు. కొత్త జ్ఞాపకానికీ అలాంటి మెత్తటి గడియ ఒకటుంది. మెదడు లోపల, కణతల వైపున ఉండే హిప్పోకాంపస్ అనే చిన్న భాగానికి ఆ పని అప్పగించి ఉంది. కొత్త పేరు, కొత్త దారి, కొత్త ఎక్కం ముందుగా దాని చేతికే వస్తాయి. వాటిలో ఏది దాచాలి, ఏది వదిలేయాలి అన్నది కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా తేలుతూ ఉంటుంది. నిద్రలో కూడా ఆ పని ఆగదు.

ఆ గడియలో ఒంట్లో ఏం జరుగుతోందన్నది మెదడు పట్టించుకుంటుంది. గుండె జోరు పెరిగితే, ఇదేదో ముఖ్యమైన సంగతే అయ్యుంటుందని లెక్క వేసుకుంటుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు మీరెక్కడున్నారు, ఏ తలుపుకు ఏం అడ్డం పెట్టారు, ఎవరికి ఫోన్ కలవక కంగారుపడ్డారు అని అడగండి. ఈ ప్రాంతంలో ఎవరైనా చెబుతారు. దానికి ముందు ఆదివారం ఏం చేశారంటే మాత్రం నోరు పెగలదు. భయంలో ఊరిన ఎడ్రినలిన్ చేసిన పని అది. ఎడ్రినలిన్ నేరుగా మెదడులోకి పెద్దగా చొరబడలేదు. వేగస్ నాడి ద్వారా కబురంపుతుంది. ఆ కబురు అందగానే మెదడు కాండంలో ఉన్న ఓ చిన్న కణాల గుంపు నార్ఎడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. అది హిప్పోకాంపస్‌ను, దాని పొరుగునే ఉన్న అమిగ్డలాను తట్టి లేపుతుంది. కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో జేమ్స్ మెక్‌గా అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఎలుకల మీద ఈ దారినే వెతికారు. ఆయన దగ్గర తయారైన లారీ కాహిల్ 2003లో మరో అడుగు వేశారు. మనుషులకు కొన్ని బొమ్మలు చూపించి, ఆ వెంటనే నరం ద్వారా ఎడ్రినలిన్ ఎక్కించి, జ్ఞాపకం మెరుగుపడుతోందని చూపించారు.

తుపానూ సూదీ లేకుండా అదే ఎడ్రినలిన్‌ను ఊరించే పద్ధతి వ్యాయామం. కాహిల్ మరో ఇద్దరితో కలిసి 2012లో 50 నుంచి 85 ఏళ్ళ వయసు వాళ్ళకు బొమ్మలు చూపించి, వెంటనే ఆరు నిమిషాలు సైకిల్ తొక్కించారు. గంట తర్వాత చెప్పాపెట్టకుండా పరీక్ష పెడితే, కూర్చున్నవాళ్ళకంటే తొక్కినవాళ్ళకే ఎక్కువ గుర్తున్నాయి. వాళ్ళలో మతిమరుపు తొలిదశలో ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకూ లాభించింది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం ఇది. సాధారణంగా ఇలాంటి పరీక్షలకు కాలేజీ కుర్రాళ్ళనే పిలుస్తారు. వాళ్ళకు ఓ నాలుగు మాటలు ఎక్కువ గుర్తుంటే ప్రపంచం తలకిందులైపోదు. మాత్ర వేసుకున్నామో లేదో గుర్తుండటం అమ్మమ్మకు అంతకంటే ముఖ్యం.

మరి ఆడవాళ్ళకే ఎందుకు?

సిడ్నీ ప్రయోగం ఈ ప్రశ్నను తెరిచిందే కానీ మూయలేదు. ఊహలు మాత్రం ఉన్నాయి. జ్ఞాపకాన్ని కొలిచే పరీక్షలోనే కొంత మర్మం ఉండొచ్చు. స్వీడన్ పరిశోధకులు 2019లో 617 అధ్యయనాలను, అంటే 12 లక్షల మందికి పైగా మనుషుల లెక్కలను, ఒకచోట చేర్చి చూశారు. మాటలు, ముఖాలు గుర్తుంచుకోవడంలో ఆడవాళ్ళది కాస్త పైచేయి. దారులు, దిక్కుల విషయంలో మగవాళ్ళది. పెళ్ళిలో ఎదురైనావిడ ఎవరి తోడికోడలో ఇంటావిడే చెప్పాలి, ఆ పెళ్ళికి వెళ్ళే అడ్డదారి ఇంటాయన చెప్పాలి అన్న మన లోకానుభవానికి ఇది దగ్గరగానే ఉంది. తేడా చిన్నదే. అయినా ముఖాలు-పేర్లు అనే పరీక్ష మొదటి నుంచీ ఆడవాళ్ళకు అచ్చొచ్చినదేనేమో అన్న అనుమానం పెట్టుకోవాల్సిందే.

రెండో ఊహ హార్మోన్లది. హిప్పోకాంపస్ కణాల మీద ఈస్ట్రోజెన్ పట్టుకునే చోట్లున్నాయి. నెల తిరిగేసరికి ఆ హార్మోన్ ఎక్కి దిగుతూ ఉంటుంది. ఒత్తిడిలో కార్టిసాల్ ఊరే తీరు కూడా ఆడా మగా మధ్య ఒకేలా ఉండదు. అలాంటప్పుడు ఒకే వ్యాయామం ఇద్దరి మెదడులోనూ ఒకే జవాబు రప్పించాలని లేదు.

మూడోది నా మట్టుకు నాకు నమ్మదగ్గదిగా తోస్తుంది. అందరికీ ఒకే మెట్టు, ఒకే ఐదు నిమిషాలు పెట్టారు. సగటున ఆడవాళ్ళ గుండె చిన్నది, ఒంట్లో ప్రాణవాయువు వాడుకునే గరిష్ఠ సామర్థ్యం తక్కువ. అదే మెట్టు ఆవిడకు ఓ మోస్తరు శ్రమ అయితే ఆయనకు ఆటవిడుపు. ఎడ్రినలిన్ ఊరేంత కష్టం మగవాళ్ళకు కలగనే లేదేమో! జర్మనీలో 2007లో జరిగిన ప్రయోగం ఈ అనుమానానికి బలమిస్తుంది. అక్కడ 27 మంది క్రీడావిద్యార్థుల చేత మూడేసి నిమిషాల చొప్పున రెండుసార్లు ఊపిరాడకుండా పరుగు తీయించి, ఆ తర్వాత కొత్త పదాలు నేర్పారు. కూర్చుని నేర్చుకున్న రోజు కంటే 20 శాతం వేగంగా నేర్చుకున్నారు. ఆ 27 మందీ మగవాళ్ళే. అంటే మగవాళ్ళకు వ్యాయామం పనికిరాదని కాదు, వాళ్ళకు కావాల్సిన మోతాదు వేరు కావచ్చు.

ఇంతలో జపాన్ నుంచి మరో కబురు. సుకుబా విశ్వవిద్యాలయంలో హిదేయాకి సోయా బృందం 2018లో 36 మంది యువతీయువకుల చేత పది నిమిషాలు, బజారులో కూరగాయలు చూస్తూ నడిచేంత నెమ్మదిగా సైకిల్ తొక్కించింది. అంత కొద్దిపాటి కదలికకే, ఒకదానికొకటి దగ్గరగా ఉన్న బొమ్మల మధ్య తేడా పట్టే శక్తి మెరుగైంది. హిప్పోకాంపస్‌లో ఆ పని చేసే భాగం చురుకెత్తడం స్కానింగులో కనిపించింది. నెదర్లాండ్స్‌లో 2016లో జరిగిన ప్రయోగం ఇంకో మాట చెప్పింది. 72 మందికి 90 బొమ్మలు ఎక్కడెక్కడ ఉన్నాయో నేర్పి, కొందరి చేత వెంటనే, కొందరి చేత నాలుగు గంటల తర్వాత గట్టిగా వ్యాయామం చేయించి, రెండు రోజులయ్యాక పరీక్ష పెట్టారు. లాభపడింది నాలుగు గంటలు ఆగినవాళ్ళే. వెంటనే చేసినవాళ్ళకు, అసలు చేయనివాళ్ళకు తేడా లేదు.

వెంటనే చేయాలా, ఆగి చేయాలా? నెమ్మదిగానా, గట్టిగానా? ఒక ప్రయోగం ఒకటంటే ఇంకోటి ఇంకోటంటుంది. ఆడ-మగ తేడా కూడా తర్వాతి ప్రయోగాల్లో అన్నిచోట్లా ఒకేలా రాలేదు. కాబట్టి ‘ఐదు నిమిషాల వ్యాయామం ఆడవాళ్ళకే పనిచేస్తుంది’ అని వాట్సాప్‌లో వచ్చే ముక్కను ముందుకు తోసేయకండి. ఇవన్నీ పదుల సంఖ్యలో మనుషుల మీద జరిగిన చిన్న పరీక్షలు. స్థిరంగా నిలబడ్డ మాట ఒక్కటే: కొద్దిసేపు కదిలినా జ్ఞాపకం మీద ఎంతోకొంత ప్రభావం ఉంటుంది, ఎంత అన్నది ఎవరు, ఎప్పుడు, ఎంత జోరుగా అన్నదాన్ని బట్టి మారుతుంది.

ఈ గందరగోళానికి ఒక పాత పాపం కూడా కారణం. చాలాకాలం పాటు పరిశోధకులు ఆడవాళ్ళను పరీక్షించనే లేదు. ఆడ ఎలుకలు సైతం వాళ్ళకు పనికిరాలేదు. నాడీశాస్త్రంలో మగ జంతువులను మాత్రమే వాడిన పరిశోధనలు, ఆడ జంతువులను మాత్రమే వాడినవాటికి ఐదున్నర రెట్లు ఉన్నాయని 2011లో లెక్క తేల్చారు. ఋతుచక్రం వల్ల ఫలితాలు అటూఇటూ అవుతాయన్నది వాళ్ళు చెప్పుకున్న సాకు. 2014లో 293 పరిశోధన పత్రాలు తిరగేసి చూస్తే ఆడ ఎలుకల్లో హెచ్చుతగ్గులు మగవాటికంటే ఎక్కువేమీ లేవని తేలింది. క్రీడావైద్య పరిశోధనల్లో పాల్గొన్న మనుషుల్లోనూ ఆడవాళ్ళు 39 శాతమే. జంతువుల మీదైనా, మనుషుల మీదైనా ఆడా మగా రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నియమం పెట్టింది 2016లో. అంటే ప్రశ్న అడగడమే నిన్న మొన్న మొదలైంది.

తొక్కుడుబిళ్ళ ఆగిపోయిన వయసు

2022 నాటికి భారతదేశంలో వయోజనుల్లో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక లెక్క ఇచ్చింది. మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. ఈ అంకెలను అనకాపల్లికి తెచ్చి చూడటానికి సర్వే అక్కర్లేదు. తెల్లవారుజామున ఊళ్ళో ఏ మైదానం చుట్టూ నడిచేవాళ్ళనైనా గమనించండి. ఆ వేళకు ఆడవాళ్ళలో ఎక్కువమంది పొయ్యి దగ్గరో, కుళాయి దగ్గరో, పిల్లల జడల దగ్గరో ఉంటారు. వచ్చిన కొద్దిమందికీ, కాస్త జోరుగా అడుగేస్తే, ‘ఈ వయసులో పరుగులేటమ్మా?’ అనే పలకరింపు తప్పదు.

ఆడపిల్లలు మొదటి నుంచీ ఇలా లేరు. తొక్కుడుబిళ్ళ ఆడని బాల్యం ఒకప్పుడు ఈ జిల్లాలో ఉండేది కాదు. ఒంటికాలి మీద గెంతుతూ గడి దాటడం, ఒప్పులకుప్ప తిరగడం, తాడాట. సిడ్నీలో మెట్టు పెట్టి చేయించినదానికి ఇవేమీ తీసిపోవు. అమ్మాయి పెద్దమనిషి కాగానే ఈ ఆటలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. సరిగ్గా అప్పుడే చదువు బరువెక్కుతుంది. ఎనిమిది, తొమ్మిది, పది. పదో తరగతిలో పబ్లిక్ పరీక్షల పేరు చెప్పి డ్రిల్లు పీరియడ్‌ను లెక్కల మాస్టారో సైన్సు టీచరో తీసేసుకుంటారు. మిగిలిన కాస్త ఆటస్థలంలో మగపిల్లలు క్రికెట్ ఆడుతుంటే ఆడపిల్లలు చెట్టు కింద పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. ఇంటర్‌కు వచ్చాక హాస్టలు కాలేజీలో చేరితే మైదానమే ఉండదు. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా బెంచీ. జ్ఞాపకశక్తి మీద ఇంత ఖర్చు పెట్టే సమాజం, ఆ జ్ఞాపకానికి మేలు చేసే పనిని కాలం దండగని తీసిపారేయడం వింత.

‘రోజంతా ఇంటిచాకిరీ చేస్తూనే ఉన్నాం, ఇంకా వ్యాయామమేటి?’ అని ఆడవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపనిలో పాల్గొనే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు జీతం లేని ఆ చాకిరీకి పెడుతున్నారు. పాల్గొనే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. మగవాళ్ళలో చాలామంది అసలు పాల్గొననే పాల్గొనరు. ప్రతి కదలికా లెక్కకు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో స్పష్టంగానే రాసింది. ఊడవడం, నీళ్ళు మోయడం, బట్టలు ఉతకడం కదలికే. అయితే కరెంటు మోటారు, గ్యాసు పొయ్యి, మిక్సీ వచ్చాక ఇంటిపనిలో చాలాభాగం నిలబడి చేసేదే. నడుము నొప్పి మిగులుతుంది కానీ గుండె జోరు పెరగదు. ఇంకో సంగతి, ఇంటిపని గుండెను పరిగెత్తించినా అది మనం ఎంచుకున్న సమయానికి జరగదు. నేర్చుకున్న వెంటనే కదలడం అనే కిటుకు దానికి పొసగదు. పాఠం విన్న పిల్ల ఇంటికి రాగానే అంట్లు తోముతుంది నిజమే, కానీ తోముతూ తిట్లు తింటే ఆ ఎడ్రినలిన్ దేన్ని గట్టిపరుస్తుందో ఊహించుకోవచ్చు.

కొద్దిసేపటి శ్రమ ఆడవాళ్ళకు ప్రత్యేకంగా మేలు చేస్తుందన్న మాట ఇంకోచోట, గుండె విషయంలో, మరింత పెద్ద లెక్కలతో వినిపించింది. బ్రిటన్‌లో వ్యాయామం అసలు చేయడం లేదని చెప్పిన 22,368 మందికి పట్టీలు కట్టి సేకరించిన కదలికల లెక్కలను, ఆ తర్వాతి కొన్నేళ్ళ ఆరోగ్య వివరాలను సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇమాన్యుయెల్ స్టమటాకిస్ బృందం పరిశీలించింది. 2024లో ఫలితాలు వచ్చాయి. మెట్లు గబగబా ఎక్కడం, బరువు మోసుకుంటూ నడవడం లాంటి జోరైన పని రోజుకు సగటున 3.4 నిమిషాలు ఉన్న ఆడవాళ్ళకు, అసలు లేనివాళ్ళతో పోలిస్తే పెద్ద గుండెజబ్బుల ముప్పు దాదాపు 45 శాతం తక్కువగా ఉంది. మగవాళ్ళలో అంత స్పష్టమైన తేడా రాలేదు. ఇది గమనించిన సంబంధమే, కారణమని గట్టిగా అనడానికి లేదు. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కళాసీలకు ఈ మూడు నిమిషాల లెక్క నవ్వులాట. అచ్యుతాపురం దుస్తుల పార్కులో షిఫ్టంతా కుట్టు మిషన్ ముందు కూర్చునే ఆడపిల్లలకు మాత్రం కాదు.

కొండ మీద నడిచినవాళ్ళు

ఊరికి నాలుగడుగుల దూరంలో శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది. రాతిలో తొలిచిన స్తూపాలు, గుహలు, భిక్షువులు ఉన్న విహారపు ఆనవాళ్ళు. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ తవ్వించాక వెలుగు చూశాయి. బౌద్ధ భిక్షువులకు సూత్రాలు కంఠస్థం చేయడమే పెద్ద చదువు. వాళ్ళ దినచర్యలో చంక్రమణం ఒక భాగం, అంటే ఒక గీత మీద అటూఇటూ ఏకాగ్రతతో నడవడం. అలా నడవడం వల్ల ఐదు లాభాలని అంగుత్తర నికాయంలో ఒక సూత్రం చెబుతుంది. దూరాలు నడిచే సత్తువ, అరుగుదల, ఆరోగ్యం లాంటివాటితో పాటు, నడుస్తూ సాధించిన ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుందన్నది వాటిలో ఒకటి. హిప్పోకాంపస్ పేరు వినకపోయినా, కూర్చుని వల్లించడమొక్కటే చాలదని వాళ్ళకు తెలిసిందన్నమాట. ఈ కొండ మెట్లు ఇప్పటికీ ఎక్కవచ్చు. కనుమ నాటి జనసందోహం తప్పితే మిగతా రోజుల్లో ఎంతమంది ఎక్కుతున్నారన్నది వేరే సంగతి.

ఆడవాళ్ళకు ఉత్తరాంధ్రలో మిగిలిన ఒక దారి కోలాటం. అమ్మవారి జాతర్లకు, ఊరేగింపులకు చీరకొంగులు బిగించి, జట్టుగా కోపులు వేసే ఆడవాళ్ళలో యాభై దాటినవాళ్ళు కూడా కనిపిస్తారు. పాట గుర్తుండాలి, అడుగు గుర్తుండాలి, తప్పితే పక్కావిడ కోల తగులుతుంది. న్యూయార్క్‌లో 75 ఏళ్ళు దాటిన 469 మందిని గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, శారీరక కాలక్షేపాలన్నిటిలో డిమెన్షియా (మతి తప్పే జబ్బు) ముప్పు తగ్గడంతో ముడిపడి కనిపించింది నాట్యం ఒక్కటే. అనకాపల్లి నూకాంబిక అమ్మవారి జాతర నెల గడిచాక కూడా కోలాటం జట్లు వారానికి మూడు సాయంత్రాలు సాధన చేస్తే వైద్యుడెవరూ వద్దనడు.

డిమెన్షియా అన్నమాట ఎలాగూ వచ్చింది కనుక ఇంకో లెక్క. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, ఆ జబ్బు ఉందని 2023లో వచ్చిన జాతీయ అంచనా. మగవాళ్ళలో 5.8 శాతం, ఆడవాళ్ళలో 9 శాతం. చదువు అందకపోవడం దీనికి ఒక పెద్ద కారణం. ఐదు నిమిషాల వ్యాయామం దీన్ని ఆపేస్తుందని ఎవరూ చెప్పలేరు. ఏళ్ళ తరబడి చేసే నడక కథ వేరు. అమెరికాలో 120 మంది పెద్దవాళ్ళలో సగం మందిని ఏడాది పాటు వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున నడిపిస్తే వాళ్ళ హిప్పోకాంపస్ 2 శాతం పెరిగిందని 2011లో ప్రచురించారు. ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసిన మిగతా సగం మందిలో అది తగ్గింది. చిన్న కదలికకూ పెద్ద నడకకూ మధ్య వంతెన వేసే లెక్క ఒకటి 2024 డిసెంబరులో లండన్ నుంచి వచ్చింది. 50 నుంచి 83 ఏళ్ళ మధ్య ఉన్న 76 మందిలో, మామూలు కంటే ఎక్కువ చురుగ్గా గడిపిన రోజు ప్రభావం మర్నాటి జ్ఞాపక పరీక్షలో కూడా కనిపించింది. రాత్రి నిద్ర బాగుంటే ఇంకా మేలు.

ఇంతకీ ఇంట్లో ఏం చేయొచ్చు? పుస్తకం మూసిన వెంటనే ఫోన్ తీయకుండా ఐదు నుంచి పది నిమిషాలు కదలడం. మేడ మెట్లు ఎక్కి దిగినా సరే, పెరట్లో తాడాట ఆడినా సరే, ఉన్నచోటే జోరుగా అడుగులు వేసినా సరే. మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు. అంత జోరు సరిపోతుంది. మగపిల్లలు కాస్త ఎక్కువ జోరు చూపించినా నష్టం లేదు. సాయంత్రం చదివినదానికి రాత్రి నిద్ర చెడేంత ఆలస్యంగా వ్యాయామం పెట్టుకోవద్దు. ఎండాకాలం మధ్యాహ్నం ఎలాగూ వద్దు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టొచ్చు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడిగాకే. మందుల పేర్లు, బ్యాంకు పాస్‌వర్డ్, కొత్తగా వచ్చిన కోడలి పుట్టింటివాళ్ళ పేర్లు లాంటివి నేర్చుకున్నాక కూడా ఇదే చిట్కా. పనిచేయకపోతే పోయేదేమీ లేదు, కాళ్ళకు కాస్త రక్తం పారుతుంది.

2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినానికి విశాఖ తీరాన మూడు లక్షల మంది ఒక్కసారి ఆసనాలు వేశారు. చూడటానికి పండగే. అంత పెద్ద ఏర్పాటు చేయగలిగిన యంత్రాంగానికి ఒక చిన్న ఏర్పాటు కష్టం కాకూడదు. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం అనకాపల్లికి గంట దూరంలో ఉన్నాయి. సిడ్నీ ప్రయోగానికి కావాల్సిందల్లా కొన్ని ఫొటోలు, ఒక మెట్టు, ఒక గడియారం. ఇక్కడి పరిశోధనతో ప్రపంచం చేత మాట వినిపించిన ఉదాహరణ మనకు ఉంది. 2013లో సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు డిమెన్షియా నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వస్తోందని, చదువురానివాళ్ళలోనూ ఆ తేడా ఉందని చెప్పింది. అనకాపల్లి, చోడవరం, నర్సీపట్నం బళ్ళలో రెండు సెక్షన్లు తీసుకుని, ఒకదానికి పాఠం అయ్యాక ఐదు నిమిషాలు కదలిక, ఇంకోదాన్ని ఊరికే కూర్చోబెట్టడం. వారం తర్వాత అదే ప్రశ్నపత్రం. ఆడపిల్లల మార్కులు, మగపిల్లల మార్కులు విడివిడిగా. ఎవరో ఒకరు పూనుకుంటే ఒక విద్యాసంవత్సరంలో మన పిల్లల గురించి మనకే ఒక జవాబు దొరుకుతుంది.

ఆ లోపు ప్రధానోపాధ్యాయులకు ఒక మనవి. పదో తరగతి టైంటేబుల్లో డ్రిల్లు పీరియడ్‌ను కొట్టేయకండి. కుదిరితే దాన్ని బరువైన పాఠం వెనకే పెట్టండి. ఆ పీరియడ్‌లో మైదానం సగం ఆడపిల్లలకు వదలండి.